ముందు సాకు, తర్వాతే ఎర

గాలం పట్టిన కొత్తవాళ్లు దాదాపు అందరూ పనిని తలకిందులుగా చేస్తారు. ముందు ఎర కొంటారు. సాయంత్రం దాకా చెరువు గట్టున కూర్చుంటారు. ఖాళీ సంచితో తిరిగొస్తూ దారిలో సాకు వెతుక్కుంటారు. అప్పటికి ఎండకు బుర్ర వేడెక్కి ఉంటుంది కాబట్టి నోటికొచ్చింది చెప్పి గుమ్మంలోనే దొరికిపోతారు. పని తెలిసినవాడు శనివారం రాత్రి మంచం మీద పడుకునే సాకు ఎంచుకుంటాడు. ఆ సాకు నిజం కావాలంటే ఏ ఎర పెట్టాలో ఆలోచించి, అదే పెడతాడు. అబద్ధం చెప్పే అవసరం రాదు, చేపా రాదు.

చేప రాకపోవడమే మనకు కావలసింది. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఒక కిలో కొర్రమీను పడిందనుకోండి. అది గాలి పీల్చే చేప, నీళ్లలోంచి తీసినంత మాత్రాన చావదు. బండి మీద సంచిలో తన్నుకుంటుంది, ఇంటికొచ్చాక సింకులోంచి ఎగిరి గ్యాసు సిలిండరు వెనక్కి పోతుంది. దాన్ని పట్టుకోవాలి, బూడిద చల్లి బండ మీద రుద్ది జిగురు వదిలించాలి, కోయాలి. ఆ పనంతా మీదే, ఎందుకంటే తెచ్చింది మీరు. జెల్ల పడితే ముల్లు గుచ్చుతుంది. ఇంగిలాయి ముల్లు గుచ్చిందంటే దాని విషానికి ఆ చెయ్యి ఆ పూటకు ఎత్తలేరు. ఇవన్నీ దాటి కూర వండితే, దాని రుచి తెలిసిన బావమరిది వచ్చే ఆదివారం పిల్లాజెల్లాతో దిగుతాడు. ఒక్క చేప వల్ల ఇంత పని. అందుకే ఎర ఎంపికను తేలిగ్గా తీసుకోకండి. కింది చిట్కాలు వరసగా పాటించండి, మీ ఆదివారం మీ చేతుల్లోనే ఉంటుంది.

1. సాకును కార్తెకు కట్టండి.

మన పెద్దలు ఏడాదిని 27 కార్తెలుగా పంచి పెట్టారు. రోహిణి కార్తెలో నీళ్లు వేడెక్కాయి, చేప లోతుకు దిగిపోయిందనండి. మృగశిర వచ్చాక కొత్త నీరొచ్చింది, చేప ఎదురెక్కి పైకి పోయిందనండి. వానలు ముదిరాక నీళ్లు బురదయ్యాయి, చేపకు ఎర కనబడలేదనండి. సంక్రాంతి ముందు చలికి చేపకు ఆకలి మందగించిందనండి. ఇవన్నీ నిజాలే, ఏ మత్స్యకారుణ్ని అడిగినా ఔననే అంటాడు. నిజమైన సాకుకున్న బలం అల్లిన సాకుకు ఉండదు.

మృగశిర కార్తె మొదటి రోజును మాత్రం ప్రత్యేకంగా వాడుకోవాలి. ఆ రోజు చేప తినాలన్నది మనవాళ్ల ఆనవాయితీ. మార్కెట్లో తొక్కిసలాట, ధరలు మంట. కాబట్టి వారం ముందే బంధువులందరికీ ఫోన్లు చేసి, ఎవరూ కొనొద్దు, చేప నేను తెస్తున్నానని మాటిచ్చేయండి. పులుసుకు చింతపండు నానబెట్టుకోమని కూడా చెప్పండి. పదిమంది విస్తళ్లు వేసుకుని ఎదురు చూస్తున్నప్పుడు ఒట్టి చేతులతో వెళ్తే, ఆ సంగతి పదేళ్లయినా మరిచిపోరు. ఆ తర్వాత బతికున్నంత కాలం మిమ్మల్ని ఎవరూ చేప అడగరు. ఒక్క రోజు మాట పడితే జీవితాంతం విశ్రాంతి.

2. ఎర్రల్ని అవి లేని చోట తవ్వండి.

ఎర్రలు, అంటే వానపాములు, తేమ ఉన్న చోట ఉంటాయి. పెంటకుప్ప పక్కన, అరటి బోదెల కింద, గిన్నెలు కడిగిన నీళ్లు పారే పెరటి మూలన జానెడు లోతు తవ్వితే గుప్పెడు దొరుకుతాయి. ఈ మూడు చోట్లకూ పోకండి. గట్టిపడిన గరప నేల చూసుకుని, ఎండ నడినెత్తికి వచ్చాక గునపం దించండి. నాలుగు పోట్లు వేసి నడుం పట్టుకుని కూర్చోండి. తవ్వారనడానికి గుంత సాక్ష్యం ఉంటుంది, ఎర్రలు ఉండవు.

ఎవరైనా కారణం అడిగితే డార్విన్ పేరు చెప్పండి. ఆయన ఎర్రల మీద 1881లో ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. కుండీల్లో ఎర్రల్ని పెంచి వాటి పక్కన ఈల వేయించాడు, బసూన్ వాయించాడు, పియానో వాయించాడు. అవి పట్టించుకోలేదు, వాటికి చెవులు లేవు. అదే కుండీని పియానో మీద పెట్టి ఒక్క మెట్టు నొక్కితే చటుక్కున బొరియలోకి దూరాయి. అంటే వాటికి మోత తెలియదు, అదురు తెలుస్తుంది. వినాయక చవితి రోజుల్లో ఈ ముక్క ఎంతో పనికొస్తుంది. వీధి చివర డీజే అదురుకు ఎర్రలన్నీ పాతాళానికి పోయాయని చెప్పండి. సైన్సు పుస్తకం చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ల చేతే చెప్పించండి, పెద్దవాళ్లు నోరెత్తరు.

గునపం ఎత్తే ఓపిక లేకపోతే వర్మీ కంపోస్టు చేసేవాళ్ల దగ్గర ఐసీనియా ఫెటిడా అనే ఎర్ర రకం అడిగి తెచ్చుకోండి. దాన్ని గట్టిగా నొక్కితే ఒంట్లోంచి కంపు కొట్టే పసుపు ద్రవం వదులుతుంది. కొక్కేనికి గుచ్చే ముందు ప్రతిదాన్నీ బతికుందో లేదో చూసే వంకన రెండుసార్లు నొక్కండి.

3. బాటిల్లో వేసి మూత బిగించండి.

ఎర్ర చర్మంతో ఊపిరి పీలుస్తుంది. చర్మం తడిగా ఉన్నంతసేపే దాని ప్రాణం. పాత పద్ధతిలో పోయేవాళ్లు చిల్లులు పెట్టిన డబ్బాలో తడి మట్టి, కుళ్లిన ఆకులు వేసి, పైన తడి గోనె కప్పి, నీడన పెడతారు. అలా పెడితే నాలుగైదు రోజులైనా చురుగ్గానే ఉంటాయి, మీ కొంప ముంచుతాయి.

మీరు ఖాళీ నీళ్ల బాటిల్ తీసుకోండి. పొడి మట్టి పోయండి, ఎర్రల్ని వేయండి, మూత బిగించండి, బండి ముందు బుట్టలో ఎండ తగిలేలా పెట్టండి. నిల్వ ఉంటాయన్న ఉద్దేశంతో చిటికెడు ఉప్పు కూడా వేయొచ్చు. చెరువుకు చేరేసరికి బాటిల్లో పులుసు ఉంటుంది. ఎర చచ్చిపోయింది, ఇక ఏం చేస్తాం అని చెట్టు కింద తువ్వాలు పరుచుకోండి.

ఇంతకన్నా దీర్ఘకాలం పనిచేసే ఉపాయం ఒకటుంది. బతికున్న ఎర్రల్ని మట్టితో సహా స్టీలు టిఫిన్ డబ్బాలో పోసి, మాటా పలుకూ లేకుండా ఫ్రిజ్‌లో కొబ్బరి పచ్చడి పక్కన పెట్టండి. పొద్దున ఇడ్లీల వేళ ఎవరో ఒకరు మూత తీస్తారు. ఆ క్షణం నుంచి ఇంట్లో ఎర్రల మీద నిషేధం అమల్లోకి వస్తుంది. నాకు వెళ్లాలనే ఉంది, ఇంట్లో ఒప్పుకోవడం లేదు అన్న సాకు ముందు 27 కార్తెలూ దిగదుడుపే.

4. ఎర్రను ముందే ముక్కలు చేయండి.

ఎర్రను సగం దాకా కొక్కేనికి ఎక్కించి తోక వదిలేస్తే అది నీళ్లలో మెలికలు తిరుగుతుంది. ఆ కదలికే చేపను పిలుస్తుంది. కాబట్టి తోక వదలకండి. ఇంట్లోనే చాకుతో ముక్కలు కోసి తీసుకెళ్లండి. ఒకదాన్ని కోస్తే రెండవుతాయని చిన్నప్పుడు విన్నాం కదా, అడిగినవాళ్లకు అదే చెప్పండి, పొదుపరి అనుకుంటారు. నిజానికి తల వైపు ముక్క బతికితే బతుకుతుంది, తోక వైపుది కొత్త పురుగు కాదు. మధ్యాహ్నానికి రెండూ కదలవు. కదలని ముక్కను చుట్ట చుట్టి ఉండలా కొక్కేనికి దట్టించండి.

5. ఏ చేప ఏ లోతులో తింటుందో బాగా నేర్చుకోండి.

ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి. ఇక్కడ తెలియనితనం ప్రమాదం. తెలియనివాడికి గుడ్డిగా తగిలే అవకాశం ఉంది, తెలిసినవాడు తప్పించుకోగలడు.

బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి పై పొరలో తేలే సూక్ష్మజీవుల్ని తింటుంది. తెలంగాణలో రవ్వ అనీ కోస్తాలో శీలావతి అనీ పిలిచేది నడిమి పొరలో మేస్తుంది. మోసు అడుగున బురద దగ్గర తిరుగుతుంది. చేపల చెరువుల రైతులు ఈ మూడింటినీ కలిపి పెంచేది ఇందుకే, ఒకదాని తిండికి ఒకటి పోటీ రాదు. మనకు ఇది తయారుగా ఉన్న పట్టిక. బొచ్చెకు వచ్చానని నలుగురిలో చెప్పి, పెద్ద సీసం గుండు కట్టి ఎరను అడుగుకు దించండి. మోసు కోసమని చెప్పి జీలుగ బెండుకు జానెడు కిందే కొక్కెం కట్టండి. బొచ్చెకు ఎర్ర పెట్టడం మరీ శ్రేష్ఠం, దానికి కావలసింది మెత్తని పిండి ముద్ద.

అడుగున జెల్లలు, మార్పులు, వాలుగ తిరుగుతుంటాయి. వీటికి మీసాలున్నాయి, ఒళ్లంతా రుచి తెలిసే మొగ్గలున్నాయి, చీకట్లో కూడా కోడిపేగుల వాసన పసిగట్టి వచ్చేస్తాయి. కాబట్టి కోడిపేగులు, రొయ్యలు, ఎండుచేప ముక్కలు గట్టు దరిదాపుల్లోకి రానివ్వకండి. పకోడీల్లో కూడా రొయ్యల పకోడీ వద్దు, ఉల్లిపాయవి కట్టించుకోండి.

వానాకాలం మొదట్లో కలుపు పక్కన నీటి మీద ఎర్రెర్రగా చిన్న పిల్లల గుంపు గుమిగూడి కనిపిస్తే, ఆ వైపు చూడను కూడా చూడకండి. అవి కొర్రమీను పిల్లలు. తల్లీ తండ్రీ కిందే కాపలా ఉంటాయి, అక్కడ ఏది పడినా ఆకలి లేకపోయినా దాడి చేస్తాయి. వాటి జోలికి పోతే పిల్లలు దిక్కులేనివవుతాయి, మీ మధ్యాహ్నం నిద్రా పోతుంది.

ఇన్ని జాగ్రత్తలకూ లొంగనిది ఒకటుంది, జిలేబీ. మొజాంబిక్ తిలాపియా మన దేశానికి 1952లో వచ్చింది. ఇప్పుడు ఏ కుంటలో వేసినా గాలానికి అదే తగులుతుంది. ఏ లోతైనా దానికి ఒకటే, ఏ ఎరైనా ఒకటే. దానికి విరుగుడు ఎరలో లేదు, కొక్కెంలో ఉంది.

6. కొక్కెం నంబరు తిరగేయండి.

నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. 16 కన్నా 8 పెద్దది, 8 కన్నా 1 పెద్దది. అక్కణ్నుంచి 1/0, 2/0 అంటూ ఇంకా పెద్దవి. జిలేబీలకు, పరిగెలకు 5/0 కట్టండి, వాటి నోట్లో పట్టదు, చుట్టూ ఎర కొరుక్కుని పోతాయి. వాలుగకు 16 కట్టండి, పట్టినా కొక్కెం వంపు విప్పుకుని నిటారవుతుంది. షాపువాడు ఏ సైజు సార్ అంటే, చేప పేరు చెప్పకుండా పెద్ద నంబరు ఇవ్వమని అడగండి.

7. పిండిని జారుగా కలపండి.

రవ్వకు, బొచ్చెకు పిండి ముద్ద అన్నది మన చెరువుల్లో పాతకాలపు ఎర. తవుడు, వేయించి పొడి చేసిన వేరుశనగ చెక్క, అతుక్కోవడానికి మైదా, కొందరు చిటికెడు యాలకుల పొడి వేస్తారు. ముద్ద ఎలా ఉండాలంటే నీళ్లలో కాసేపు కొక్కేన్ని పట్టుకుని ఉండాలి, చేప పీల్చగానే విడిపోవాలి. ఈ హదును పట్టుకోవడం కష్టం, మనకు అక్కర్లేదు కూడా.

రెండు దారులున్నాయి. మొదటిది, దోసెల పిండిలా జారుగా కలిపి, కొక్కేనికి పూసి, వేగంగా విసరడం. గాల్లోనే సగం రాలిపోతుంది, మిగతా సగం నీటిని తాకగానే కరిగిపోతుంది. ఆ కరిగిన పిండికి చేపలు గుమిగూడి తింటాయి, నీళ్లమీద బుడగలు వస్తాయి, చూసేవాళ్లు అబ్బో ఎన్ని చేపలో అంటారు. మీ కొక్కెం మాత్రం శుభ్రంగా ఉంటుంది. పూటంతా ఇలా చేస్తే రెండు కిలోల తవుడు, కిలో వేరుశనగ చెక్క ఖర్చు. రెండో దారి ఇంకా చవక. రాత్రి మిగిలిన చపాతీని ఎండబెట్టి, పెంకులా గట్టిపడ్డాక ముక్క విరిచి కట్టండి.

8. దోమల మందు ధారాళంగా రాసుకోండి.

చేపకు వాసన, రుచి మనకన్నా ఎక్కువ తెలుస్తాయి. పెట్రోలు, సబ్బు, పొగాకు, దోమల క్రీము అంటిన చేత్తో ఎర ముట్టుకోకూడదని అనుభవజ్ఞులు మట్టితో చేతులు రుద్దుకుంటారు. మీరు బంకులో ట్యాంకు నింపించేటప్పుడు గొట్టం మీరే పట్టుకోండి. గట్టు మీద కూర్చోగానే మోచేతుల దాకా క్రీము పట్టించి, ఆ చేత్తోనే ఎర పిసకండి. దోమలూ రావు, చేపలూ రావు.

9. లూర్లు కొనండి, ఊపకండి.

నిజమైన ఎర చచ్చిపోతుంది, కుళ్లిపోతుంది, కంపు కొడుతుంది. లూరు, అంటే బొమ్మ ఎర, అలా కాదు, పెట్టెలో పడి ఉంటుంది. కాబట్టి బద్ధకస్తుడికి దేవుడిచ్చిన వరం లూరే. డబ్బు పోతుందన్న బెంగ వద్దు. ఎంత ఖర్చు పెడితే మీ చిత్తశుద్ధి మీద ఇంట్లో అంత నమ్మకం కుదురుతుంది.

మొదట రబ్బరు ఎర్రలు కొనండి. 1949లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రం ఆక్రన్ పట్నంలో నిక్ క్రీమ్ అనే ఆయన మెత్తటి ప్లాస్టిక్‌తో ఎర్రను పోత పోశాడు. అక్కడి బాస్ చేపలకు అది ఇప్పటికీ పేరున్న ఎర. దాని కిటుకంతా వేటగాడి మణికట్టులో ఉంది. కర్ర కొసను సన్నగా ఆడిస్తూ, ఆపుతూ, మళ్లీ ఆడిస్తూ లాగితేనే అది ఎర్రలా కనిపిస్తుంది. ఆడించకపోతే అది రబ్బరు ముక్క. మీరు దాన్ని నీళ్లలో పడేసి, కర్రను రెండు రాళ్ల మధ్య గుచ్చి, టోపీ మొహం మీదికి లాక్కోండి. మన చెరువుల్లో బాస్ చేప లేకపోవడం ఇంకో భద్రత.

తర్వాత చెక్క చేప. 1936లో ఫిన్లాండ్ జాలరి లౌరి రాపాలా బెండును చాకుతో చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి ఒక చిన్న చేప బొమ్మ చేశాడు. దెబ్బ తిన్న చేప తడబడుతూ ఈదినట్టు అది ఈదుతుంది. ఆ తడబాటే వేటచేపకు ఆశ పుట్టిస్తుంది. దాన్ని మాన్పించడం చాలా తేలిక. ముక్కు దగ్గర వదులు ముడి వేస్తే ఊగుతుంది కాబట్టి, లావుపాటి తంగూసుతో నాలుగు చుట్లు చుట్టి బిర్రుగా బిగించండి. దానికి ముందు ఒక లావు స్టీలు వైరు, పెద్ద స్వివెల్ తగిలించండి. ఇప్పుడది పుల్లలా నిటారుగా వస్తుంది. చూసినవాళ్లు సరంజామా బలంగా ఉందని మెచ్చుకుంటారు.

ఇక రబ్బరు కప్ప. దీని విషయంలో ఏమరుపాటు పనికిరాదు. మన నీళ్లలో లూర్లన్నింటిలో నిజంగా ముప్పు తెచ్చేది ఇదొక్కటే. కొర్రమీనుకు కప్పంటే ప్రాణం. గుర్రపుడెక్క సందుల్లో, తామరాకుల పక్కన, తూటికాడ అంచున టపుక్కున పడేసి చిన్న చిన్న గెంతులు వేయిస్తే నీళ్లు పగిలేలా మీదికొస్తుంది. కాబట్టి కలుపున్న వైపు వీపు పెట్టి, చెరువు నడిమధ్యకు, ఏ ఆకూ లేని చోటికి విసరండి. రబ్బరు కాళ్లు అందంగా లేవని కత్తిరించేయండి. అంతా చేసినా ఎక్కణ్నుంచో ఒకటి వచ్చి ఎగబడిందా, భయపడకండి. చప్పుడు వినగానే, అది నోరు మూసేలోపే, బలం కొద్దీ కర్ర వెనక్కి లాగండి. ఒక్క క్షణం ఆగినవాడికే కొర్రమీను దొరుకుతుంది, కంగారుపడినవాడికి కప్ప తిరిగొచ్చి మొహానికి తగులుతుంది. తెలంగాణ రాష్ట్ర చేపకు హాని చేయలేదన్న తృప్తి కూడా ఉంటుంది.

రంగు ఎంపికలో నీటి లెక్క గుర్తుంచుకోండి. నీటిలో లోతుకు పోయేకొద్దీ మొదట మాయమయ్యేది ఎరుపు, అది నల్లగా కనిపిస్తుంది. అందుకని లోతు నీళ్లకు ఎరుపే కొనండి. వరద బురదలో చేప కళ్లను వదిలేసి అదురును, వాసనను నమ్ముకుంటుంది. కాబట్టి బురద నీళ్లకు చప్పుడు లేనిది, వాసన లేనిది, గాజులా అటునుంచి ఇటు కనబడేది తీసుకోండి.

10. లూర్లన్నీ ఒకే పెట్టెలో కుక్కండి.

మెత్తని ప్లాస్టిక్ ఎర్రల రంగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. కొన్ని అయితే పక్కనున్న గట్టి ప్లాస్టిక్ లూర్లను, పెట్టెను కూడా మెత్తబరిచి కరిగిస్తాయి. అందుకే తయారీదారులు విడివిడి సంచుల్లో ఇస్తారు. ఆ సంచులు చింపి పారేయండి. అన్నీ కలిపి పెట్టెలో పోసి, ఏప్రిల్, మే నెలల్లో కారు డాష్‌బోర్డు మీద ఉంచండి. జూన్‌కు మీ దగ్గర వేల రూపాయల విలువైన ఒకే ఒక్క ముద్ద ఉంటుంది. మూడు వైపుల ముళ్లున్న కొక్కేలు అందులోంచి బయటికి పొడుచుకుని ఉంటాయి, ఎవరూ ముట్టుకోరు. దాన్ని ఇంటికొచ్చినవాళ్లకు చూపించి, ఎండలు ఇలా ఉన్నాయండీ అనండి.

11. అనుమతి అడగకండి.

ఊరి చెరువుల్లో చేప మీద హక్కు మామూలుగా అక్కడి మత్స్యకారుల సహకార సంఘానిది. చేపపిల్లలు వేసింది వాళ్లు, కాపలా కాసింది వాళ్లు. వెళ్లి మర్యాదగా అడిగితే, ఎక్కడ కూర్చోవాలో, ఏ ఎర పెట్టాలో కూడా చెబుతారు. అలా తెలిసిపోతే పట్టక తప్పదు. కాబట్టి అడగకండి. కొక్కెం లేకుండా బెండు, సీసం మాత్రమే కట్టి కూర్చోండి.

"ఏం సారూ, ఎవర్నడిగి గాలమేసినవ్?" అని కాపలా ఆయన వస్తాడు.

"గాలం కాదన్నా, లోతు చూస్తున్నా" అని తంగూసు పైకెత్తి చూపండి.

ఆయన నమ్మితే మళ్లీ పడుకోవచ్చు. నమ్మక వెళ్లగొడితే ఇంకా మంచిది. సంఘం వాళ్లు వెళ్లగొట్టారన్న సాకుతో పదకొండింటికే ఇంటికొచ్చి క్రికెట్ చూసుకోవచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నీళ్లలో మందు కలపడం, తూటా పేల్చడం అనే మాట ఎవరి నోట వచ్చినా లేచి వచ్చేయండి. 1897 నాటి మత్స్య చట్టం నుంచే అది నేరం. పైగా చెరువులో ఉన్న చిన్నాపెద్దా అన్నీ ఒకేసారి తేలితే ఏరేదెవరు?

12. పట్టేవాడి పక్కన కూర్చోండి.

గట్టు మీద ఎవరో ఒక పెద్దాయన వెదురు కర్రతో, బీడీ కాలుస్తూ, అరగంటకొకటి చొప్పున తీస్తుంటాడు. ఆయన పక్కనే చేరి, ఆయన బెండుకు బెత్తెడు దూరంలో మీ బెండు వేయండి. రెండు తంగూసులూ చిక్కు పడతాయి. విప్పుతూ కుటుంబం, ఉద్యోగం, పెన్షన్ గురించి మాట్లాడండి. కాసేపటికి ఆయన చోటు మారుస్తాడు. వెనకే మీరూ మారండి. చిక్కు విప్పడంలో పూట గడిచిపోతుంది, మీకే కాదు ఆయనకూ పడదు. గట్టు మీద ఎవరికీ పడని రోజు మీ సాకుకు సాక్షులు దొరుకుతారు.

13. పొరపాటున పడితే.

చేప కొసకు వచ్చాక వలసంచి వాడకండి, తంగూసు పట్టుకుని గాల్లోకి ఎత్తండి. బరువుకు అదే తెగుతుంది. తెగకపోతే పక్కనున్న పెద్దాయనకు ఇచ్చేయండి, చిక్కుల బాకీ తీరుతుంది.

14. మార్కెట్టుకు వెళ్లాల్సి వస్తే.

పరువు కోసం ఎప్పుడైనా చేప తీసుకెళ్లక తప్పదు. హైదరాబాద్‌లో అయితే రామ్‌నగర్ మార్కెట్టు ఉంది. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పెంచి ఐసులో పెట్టి పంపే రవ్వ, బొచ్చె మార్కెట్లలో విరివిగా దొరుకుతాయి. ముక్కలు కొట్టించుకోండి, పొలుసు గీకే పని తప్పుతుంది. బొచ్చె తలకాయ ఏదని ఇంట్లో అడుగుతారు, పులుసుకు అదే కదా రుచి. కాపలా ఆయనకు ఇచ్చేశానని చెప్పండి, దానగుణం కూడా కలిసొస్తుంది.

చిక్కల్లా ఐసు. అప్పుడే చెరువులోంచి తీసిన చేప మంచులా చల్లగా ఉండదు. అందుకని సంచిని కారు డిక్కీలో పెట్టి రెండు గంటలు ఎండలో నిలపండి. ఐసు చల్లదనం పూర్తిగా పోతుంది. ముక్క మెత్తబడుతుంది, నలుపు తిరుగుతుంది, వీధి మొదట్లో ఉండగానే వాసన ఇంట్లోకి చేరుతుంది. అత్తయ్యగారు సంచి విప్పి, ముక్కు మూసుకుని, అలాగే బయట పారేస్తారు. వండే పని లేదు, ముల్లు ఏరే పని లేదు, గిన్నెలు తోమే పని లేదు. ఆ పూట హోటల్ నుంచి బిర్యానీ తెప్పిస్తారు.

15. పెట్టెను అరువివ్వండి.

సీజను ముగిశాక మిగిలిన లూర్లు, బెండ్లు, సీసం గుండ్లు మీ బావమరిదికి వాడుకొమ్మని ఇచ్చేయండి. తిరిగి అడగకండి. వచ్చే ఏడాది ఎవరు పిలిచినా, ఎరలన్నీ బావమరిది దగ్గర ఉండిపోయాయని చెప్పొచ్చు. ఒకవేళ అతనే ఫోన్ చేసి, "బావా, రేపు పొద్దున పోదామా? పెట్టె నేను తెస్తాను" అన్నాడనుకోండి. రీలు రిపేరుకిచ్చానని చెప్పండి. ఈ మాట నిజం కావాలి కాబట్టి, శుక్రవారమే రీలును షాపులో ఇచ్చి ఉంచండి. బాగానే ఉంది కదా సార్ అని షాపువాడు అంటే, ఉన్నా సరే, ఓ రెండు వారాలు దగ్గర పెట్టుకోమనండి.